చెక్కినంత తేలిక కాదు

'క్లౌడ్' అన్న మాటని ఒక ప్రతీకగా చదివితే, చాలా చెడ్డ ప్రతీక అనిపిస్తుంది నాకు. మబ్బు కురిసి ఖాళీ అయిపోతుంది. ఇది అవదు.

2019 సెప్టెంబరులో యాదగిరిగుట్ట ఆలయ స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బొమ్మా, కారు గుర్తూ చెక్కారని పెద్ద గొడవైంది. చివరికి తొలగించారు. రాతి మీంచి పోయాయి గానీ వాటి ఫొటోలు పోలేదు, వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఆ ఫొటోలు ఉండటమే మంచిదంటాను, అది వేరే సంగతి. మన సొంత ఆధార్ స్కాన్ కూడా అలాగే మిగిలిపోతే?

'డిలీట్' అబద్ధం కాదు, వాయిదా. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినది 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. బ్యాకప్ కాపీలు పూర్తిగా పోవడానికి 6 నెలల దాకా పట్టొచ్చని గూగులే చెప్పుకుంది. 2023 డేటా రక్షణ చట్టం తుడిపించుకునే హక్కు రాసింది, బాగానే ఉంది. తుడిచారని మనకి చూపించేదెవరు?

అందుకే ఎక్కించే ముందే ఫైలుని ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవి మన దగ్గరే ఉంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి. చెవిని నాశనం చేస్తే, ఎన్ని సర్వర్లలో ఎన్ని కాపీలున్నా ఎవరూ చదవలేరు. పాఠం ఉంటుంది, పఠనం ఉండదు! తాళం తీసి ఎవరికైనా పంపిన కాపీకి మాత్రం ఇదీ పనిచేయదు.