జన్మదినముల పట్టికయు జీవితచరిత్రయు

పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున కృష్ణాతీరమునందు జరిగిన ముఖ్యవిషయములను, ప్రసిద్ధుల జనన మరణములను వరుసగా గూర్చిన పట్టికలు పాఠశాలల సంచికలలోను, గోడపంచాంగములలోను, జయంత్యుత్సవముల కరపత్రములలోను తరచుగా కనబడుచుండును. పిల్లలు వీనిని కంఠస్థము చేయుదురు. పెద్దలు సభలలో చదువుదురు. ఇట్టివానికి విమర్శ యేల యని కొందరు శంకింపవచ్చును. చరిత్రమనగా నేమో మన యిండ్లలోని బాలబాలికలకు మొట్టమొదట నేర్పునది ఈ పట్టికయే. కావున కావ్యమునకు వలెనే దీనికిని విమర్శ యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఇట్టి పట్టిక సాధారణముగా నీ విధముగా నుండును. 1876 ఆగస్టు 2న భట్లపెనుమర్రున పింగళి వెంకయ్యగారి జననము. 1877 మే 18న పెనుగంచిప్రోలున కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి జననము. 1880 నవంబరు 24న గుండుగొలనున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి జననము. 1887 జనవరి 15న అంగలూరున త్రిపురనేని రామస్వామిచౌదరిగారి జననము. 1889లో నైజాము రైలుమార్గము బెజవాడ చేరుట. 1895 సెప్టెంబరు 10న నందమూరున విశ్వనాథ సత్యనారాయణగారి జననము. 1899 జూలై 24న సర్ ఆర్థర్ కాటను మరణము.

ఇందు అసత్యమేమియు లేదు. ఒక మండలమున, ఇరువది యేండ్లలోపల, పతాకకర్తయు, విజ్ఞాన సర్వస్వకర్తయు, కాంగ్రెసు చరిత్రకారుడును, హేతువాదకవియు, మహాకవియు జన్మించిరనుట మనకు సంతోషకరమే. కాని చదువరులు ఒక విషయమును గమనింపవలెను. జన్మదినమున శిశువు చేసిన ఘనకార్యమేమియు లేదు. ఆనాడు ప్రాణమునకు తెగించి కార్యము చేసినది తల్లి. ఆ తల్లి పేరు పట్టికలో నుండదు. ఎవరి కార్యమునకై ఆ దినము స్మరణీయమైనదో వారినే విడిచి దినమును మాత్రము మనము స్మరించుచున్నాము.

పట్టికకు గల రెండవ లోపము, ఫలమును చూపి కారణమును దాచుట. ఇందరు విద్యావంతులు ఈ పల్లెలనుండియే యేల బయలుదేరిరి? 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ యానకట్ట కాలువలకు నీరొసగినది, మెట్టచేలు మాగాణులైనవి, రైతు గృహమున ధాన్యము మిగిలినది. బందరున 1843లో రాబర్టు నోబిలు స్థాపించిన పాఠశాల వంటివి చుట్టుపట్ల బాలురకు ఇంగ్లీషువిద్య నందించినవి. నీరు, ధాన్యము, బడి యను నీ మూడును కలిసిననే గాని ఆ జన్మదినములు చరిత్రకు దినములు కాజాలవు. కాటను పేరు పట్టికలో నున్నది, న్యాయమే. పని నడిపించిన చార్లెస్ ఆర్ పేరు సామాన్యముగా నుండదు. రాళ్లు మోసిన కూలీల పేళ్లు అసలే లేవు. ఆ యానకట్టకు 1952లో గండి పడగా, 1957లో ప్రకాశము బరాజు పూర్తియైనది; నేటికిని నీటిని మళ్లించుచున్న ఆ స్థలమున మొదటి రాయి నిలిపిన చేతులు అనామకములై యున్నవి.

మూడవ లోపము మరణముల విషయమున మరింత స్పష్టముగ గానవచ్చును. 1864 నవంబరు 1న సముద్రము పొంగి బందరును ముంచివేసెను. ఆ యుప్పెనలో ఇంచుమించు 30,000 మంది మరణించిరి. ఒక్క దొర మరణమునకు పట్టికలో నొక పంక్తి యున్నది. ముప్పదివేల ప్రాణములకు పెక్కు పట్టికలలో పంక్తియే లేదు. ఉన్నచోట సంఖ్యయే గాని మనుష్యుడు లేడు. మృతుల సంఖ్యను మాత్రమే మిగుల్చుకొని వారి జీవితములను మరచిన తీరము వారి యనుభవమునుగూడ మరచిపోవును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలకు పైగా ప్రజలను హరించినపుడు, ఈ తీరమునకు అది మొదటి యుప్పెన కాదని యెన్ని గృహములు ఎరిగియుండెను? జ్ఞాపకము కేవలము గౌరవము కాదు; అది రక్షణ కూడ.

నాలుగవ లోపము మన గృహములకు మిక్కిలి సమీపమైనది. రైలుబండి వచ్చుట సంఘటన యైనపుడు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు జరిపించిన మొదటి వితంతువివాహము సంఘటన కాదా? దాంపత్యమునకు బాలికల కనిష్ఠవయస్సును 10 నుండి 12 ఏండ్లకు హెచ్చించిన 1891వ సంవత్సరపు శాసనము సంఘటన కాదా? రైలెక్కనివారు కలరు గాని, ఈ రెండింటితో సంబంధము లేని యిల్లు ఆ కాలమున నుండెనా? వీధిలో జరిగినది చరిత్రము, ఇంటిలో జరిగినది ఆచారము అను భేదబుద్ధియే ఈ లోపమునకు మూలము.

ఈ భేదబుద్ధికి దృష్టాంతము పైపట్టికలోని పెనుగంచిప్రోలుననే కలదు. లక్ష్మణరావుగారి జన్మదినము తేదీతో సహా మనకు లభించుచున్నది. ఆ యింటనే అంతకు మూడేండ్లు ముందు, 1874లో, ఆయన యక్క అచ్చమాంబగారు జన్మించిరి. ఆమెకు సంవత్సరము మాత్రమే వాడుకలో నున్నది. నెలయు తేదీయు పట్టికలలో కానరావు. తండ్రి చిన్నతనముననే గతించెను. తమ్ముడు బడికి పోయెను. అక్కకు బడి లేదు, బాల్యవివాహము కలిగెను. భర్త భండారు మాధవరావుగారి యుద్యోగమువలన ఆమె మధ్యపరగణాలకు పోయి, తమ్ముని తన యింట నుంచుకొని చదివించెను. తమ్ముడు చదువుచుండగా తానును చదివి, తెలుగు, హిందీ, మరాఠీ మొదలగు భాషలు నేర్చెను. కన్నబిడ్డలు చిన్నతనముననే పోయిరి. ఆ దుఃఖమున మునిగిపోక ఆమె వ్రాసిన గ్రంథమే 1901లో వెలువడిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'.

స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు, చదివినచో చెడిపోవుదురు అను వాదములను ఆమె తర్కముతో ఖండించి యూరకుండలేదు. జీవితములను సాక్ష్యముగా నిలిపెను. భారతచరిత్రలోని స్త్రీలు ఒక భాగమునను, వేద పురాణకాలపు స్త్రీలు మరియొక భాగమునను, అన్యదేశముల స్త్రీలు ఇంకొక భాగమునను ఉండునట్లు గ్రంథమును సంకల్పించెను. 1905 జనవరి 18న, ముప్పదియేండ్ల ప్రాయముననే, ఆమె మరణించుటచే సంకల్పము పూర్తి కాలేదు. పట్టిక 'ఎవరు, ఎప్పుడు' అని చెప్పి యాగును; ఆమె గ్రంథము 'ఏల, ఎట్లు' అని యడుగును. ఈ భేదమే దాని ఘనత.

గుణమును చెప్పి దోషమును దాచుట విమర్శ కాదు. స్త్రీశక్తిని నిరూపించు గ్రంథమునకు 'అబల' యను పేరేల? అది నాటి వాడుక యని సమాధానము చెప్పవచ్చును గాని, వాడుకయే వాదమైన చోట ఆ సమాధానము చాలదు. చరిత్రలో పేరు మిగిలిన స్త్రీలకే ఇట్టి గ్రంథమున స్థానము దొరకుట మరియొక కొరత. ఊడ్పులూడ్చు స్త్రీకిని, వలలల్లు స్త్రీకిని పేరే మిగులనపుడు చరిత్రము వ్రాయుట యెట్లు? ఈ కొరతను పూరించు మార్గమును గూడ ఆమెయే చూపెను. 1902లో 'హిందూసుందరి' పత్రికలో వెలువడిన ఆమె 'ధనత్రయోదశి' కథలో రాణులు లేరు. అధర్మార్జితమైన ధనమును నిరాకరించిన యొక బీద యిల్లాలు కలదు. జీవితచరిత్రకు అందని గృహిణిని కథ చేరదీసినది. అయినను, 1910 నాటి గురజాడవారి 'దిద్దుబాటు'యే తొలి తెలుగు కథానిక యని చిరకాలము బోధింపబడినది. ఆ స్థానమెవరిదను వివాదమున మేము ప్రవేశింపము. ఎనిమిదేండ్లు ముందు అచ్చైన కథ అంతకాలము లెక్కకు రాకుండుట యేల యనునదే మా ప్రశ్న.

అందరి జీవితములను వ్రాయుట అసాధ్యము, పట్టిక పొట్టిగ నుండవలసినదే యని కొందరందురు. పట్టికలను చింపివేయుడని మేము కోరుటలేదు. ప్రతి జననమునకు ప్రక్కన తల్లి పేరును, ప్రతి కట్టడమునకు ప్రక్కన దాని వలన మారిన జీవనమును, ప్రతి విపత్తునకు ప్రక్కన దాని నుండి నేర్వవలసిన పాఠమును చేర్పుడని మాత్రమే కోరుచున్నాము. అంతమాత్రమున పట్టిక ఒక పుటకు బదులు రెండు పుటలగును, దానివలన నష్టమేమి?

ఇక మా చదువరులు తమ గృహములలో నిప్పుడే చేయదగిన దొకటి కలదు. తాతముత్తాతల పేళ్లు ఏడుతరములు చెప్పగల వారు మన దేశమున పెక్కుమంది కలరు. అమ్మమ్మ తల్లి పేరేమని వారినే యడిగి చూడుడు. తెలిసినచో వ్రాసి యుంచుడు. తెలియనిచో ఇంటిలోని వృద్ధురాలిని నేడే యడుగుడు. ఆమె యెచ్చట పుట్టినది, ఏ యేట పెండ్లియైనది, చదువుకొన గోరినదా, ఎందరు బిడ్డలను కని యెందరిని పోగొట్టుకొన్నది — ఈ నాలుగు మాటలు చాలును. కృష్ణామండల చరిత్రమున నేడు లేని సగము పుటలు అచ్చుకాకయే మన యిండ్లలో నున్నవి. చెప్పగలవారు ఉండగనే వానిని వ్రాసికొనవలెను.