డబ్బా మీది పేరు, కవిత అడిగిన పేరు

సింగపూర్ ఉత్తరాన ఉన్న యీషున్ ఒక వ్యాపారి పేరిట వెలసిన పట్టణం. లిమ్ నీ సూన్ (1879–1936) రబ్బరు, అనాస తోటలతో సంపన్నుడై ‘అనాసపళ్ళ రాజు’ అనిపించుకున్నాడు. ‘నీ సూన్’ అన్న పేరు మాండరిన్ ఉచ్చారణలో ‘యీషున్’ అయింది. ఆ కాలంలో డబ్బాల్లో నింపిన అనాస సింగపూర్ ముఖ్యమైన ఎగుమతుల్లో ఒకటి. సరుకు మీద యజమాని పేరు నిలుస్తుంది. పండు కోసినవారి పేరు నిలవదు. పాప్ కళకూ కవిత్వానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించడానికి ఈ వ్యత్యాసమే తగిన ఆధారం.

1962లో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ 32 సూప్ డబ్బాల చిత్రాలను ప్రదర్శించాడు. కిరాణా కొట్టులో సరుకులు పేర్చినట్టు వాటిని ఒక సన్నని అరమీద వరుసగా నిలిపారు. 1964లో న్యూయార్క్‌లోని స్టేబుల్ గ్యాలరీలో బ్రిల్లో సబ్బుపీచు అట్టపెట్టెలను పోలిన చెక్కపెట్టెలను గుట్టలుగా పేర్చాడు. అసలు పెట్టె రూపకర్త జేమ్స్ హార్వీ. అతనూ చిత్రకారుడే, పొట్టకూటికి వాణిజ్య రూపకల్పన చేసేవాడు. ఆ ప్రదర్శనతో పెట్టెకు వచ్చిన కీర్తి అతనికి దక్కలేదు. వార్హోల్ పెట్టెల తయారీలో చేయి కలిపినవారిలో జెరార్డ్ మలాంగా ఒకడు, అతడు కవి. పాప్ కళ, కవిత్వం ఒకే గదిలో పనిచేసినా, గోడమీద మిగిలింది ఒక్క పేరే.

తెలుగు పాఠకునికి ఇక్కడ శ్రీశ్రీ గుర్తుకు రావడం సహజం. 1950లో పుస్తకంగా వెలువడిన ‘మహాప్రస్థానం’లోని గీతాలు ప్రధానంగా 1930ల నాటివి. వాటిలో ‘ఋక్కులు’ నిత్యజీవితంలోని అల్పవస్తువులకు కవిత్వంలో పీట వేసింది. వాటిలో సబ్బూ ఉంది. వార్హోల్ పెట్టెలకు సుమారు మూడు దశాబ్దాల ముందే జరిగిన పని ఇది. అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. శ్రీశ్రీ సబ్బుకు కంపెనీ పేరు లేదు. వార్హోల్ పెట్టెలో సబ్బు లేదు. ఒకరు వస్తువును చూడమన్నారు, మరొకరు వస్తువును కప్పేసిన ముద్రను చూపారు.

వార్హోల్ చూపినది తక్కువేమీ కాదు. కొనుగోలుదారు కంటికి సరుకు ఎలా కనబడుతుందో అతడు దాపరికం లేకుండా చెప్పాడు. కాని ఆ చూపు అమ్మకపు బల్ల దాటి వెనక్కి పోదు. శ్రీశ్రీ మాత్రం వస్తువు దగ్గర ఆగలేదు. ‘దేశచరిత్రలు’లో తాజమహలు ప్రస్తావన తెచ్చి, దానికి రాళ్ళు మోసినవారెవరని అడిగాడు. ‘ఋక్కులు’ను ఈ గీతంతో కలిపి చదివినప్పుడే సబ్బు ప్రస్తావనకు పూర్తి అర్థం వస్తుంది: అల్పవస్తువుకు గౌరవం ఇవ్వడమంటే, దాన్ని చేసిన చేతికి గౌరవం ఇవ్వడమే.

ఈ ప్రశ్న సింగపూర్ తెలుగువారికి దూరమైనది కాదు. వలసపాలన కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఎందరో మలయా రబ్బరు తోటలకు కూలీలుగా వెళ్ళారు. నేటి ఉద్యోగుల వలసకు ముందటి తెలుగు వలస అది. పాప్ కళనూ కవిత్వాన్నీ ఒకచోట చేర్చే ఏ ప్రదర్శనైనా డబ్బాల అందం దగ్గరే ఆగిపోతే పని సగమే చేసినట్టు. ఆ గోడమీద హార్వీ పేరూ, యీషున్ చరిత్రలో తోటకూలీల పేర్లూ వెతికినప్పుడే కవిత్వం అక్కడికి నిజంగా వచ్చినట్టు.