బట్టల్లేని భోజనం, మారని చూపు

బట్టలు విప్పి కూర్చుని భోంచేసే హోటళ్లున్నాయంటే మనలో చాలామందికి ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే చిరాకొస్తుంది. నవ్వైనా చిరాకైనా ఆలోచనని అక్కడితో ఆపేస్తుంది. అందుకే రెంటినీ కాసేపు పక్కన పెడదాం. స్త్రీ దేహం గురించి ముప్ఫై ఏళ్లకి పైగా మాట్లాడుతున్న తెలుగు స్త్రీవాదానికి ఇది సంబంధం లేని విషయమేమీ కాదు.

2016 వేసవిలో లండన్‌లో 'బునియాదీ' అనే తాత్కాలిక రెస్టారెంటు తెరిచారు. ఫోన్లు బయటే వదిలెయ్యాలి. లోపల వెదురు తడికలు, కొవ్వొత్తుల వెలుగు. ఉన్నవి 42 సీట్లు, వెయిటింగ్ లిస్టులో 46 వేల మంది! మరుసటి ఏడాది నవంబరులో ప్యారిస్‌లో ఇలాంటిదే 'ఓ నాతురెల్' మొదలైంది. నలభై మంది పట్టే ఆ హోటల్ గిరాకీ లేక 2019 ఫిబ్రవరిలో మూతపడింది. వింత కోసం ఒక్కసారి వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు గానీ, హోటల్ని బతికించేది రేపు కూడా వచ్చేవాళ్లే. ఒకసారి చూశాక ఆ వింత అయిపోతుంది.

అయితే ఆ ఆకర్షణంతా అబద్ధమని నేననను. ఒంటి మీది బట్ట మన కులాన్నీ, డబ్బునీ, పెళ్లయిందో లేదో అన్న సంగతినీ చెప్పేస్తుంది. వాటన్నిటినీ గుమ్మం దగ్గర విడిచిపెట్టి మనిషిగా కూర్చోవాలన్న కోరిక ఎవరికుండదు? కానీ ఆ గుమ్మం ఎవరికి తెరుచుకుంటుంది? 2016లోనే టోక్యోలో ఇలాంటి రెస్టారెంటు ప్రకటించినవాళ్లు, అరవై దాటినవాళ్లూ, ఎత్తుకి తగ్గ సగటు కన్నా 15 కిలోలు ఎక్కువున్నవాళ్లూ రావద్దని షరతు పెట్టారు. బట్టలైతే పోయాయి, కొలతలు పోలేదు. కాన్పులతో జారిన పొట్ట, ఆపరేషను గాట్లు, వయసు ముడతలు ఉన్న దేహానికి అక్కడ కూడా చోటు లేదు. స్వేచ్ఛ పేరుతో మార్కెట్ అమ్మింది మళ్లీ అందాల పోటీనే.

నగ్నత్వాన్ని విముక్తికి గుర్తుగా వాడుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. 1965లో దిగంబర కవులు వచ్చారు. సమాజం వేసుకున్న ముసుగుల్ని చింపుతామన్నారు. 1966లో విజయవాడలో వాళ్ల రెండో సంపుటిని ఆవిష్కరించింది జంగాల చిట్టి అనే హోటల్ కార్మికుడు. తినేవాడికి కాక, ఎంగిలి బల్ల తుడిచేవాడికి ఆ గౌరవం ఇవ్వడం గొప్ప విషయమే. కానీ ఆ ఆరుగురూ మగవాళ్లే. మగవాడు దిగంబరుణ్ణని ప్రకటించుకుంటే అది తిరుగుబాటయింది. జయప్రభ పైటను తగలెయ్యాలని రాస్తే, 'నీలిమేఘాలు' కవయిత్రులు తమ దేహం గురించి తామే మాట్లాడితే బూతన్నారు. ఇక్కడ గొడవ బట్ట గురించి కాదు, చూసే హక్కు ఎవరిదన్న దాని గురించి.

ఈ మాట ఆత్మకూరులో ఉండి ఆలోచిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఉగాదికి ముందు కన్నడ భక్తులు మా ఊరి మీదుగా, వెంకటాపురం, నాగలూటి దాటి, నల్లమలలో నడిచి శ్రీశైలం వెళతారు. పన్నెండో శతాబ్దంలో, రాజుతో కాపురాన్ని కాదని, కట్టుబట్టలు కూడా వదిలేసి ఆ కొండకే చేరిందని చెప్పే అక్కమహాదేవిది కూడా కన్నడ దేశమే. ఆమె దిగంబరత్వానికి టిక్కెట్టు లేదు, తడికల చాటు లేదు. అయినా బొమ్మల్లో, విగ్రహాల్లో ఆమె జుట్టునే పొడుగ్గా పెంచి వస్త్రంలా కప్పారు. ఆమె వద్దనుకున్న బట్టని, చూసేవాళ్లు తమ కోసం మళ్లీ కట్టారు.

అదే దారిలో బస్టాండు పక్క హోటల్లో ఒక ఆడమనిషి, ఒంటినిండా బట్టలతో, ఒంటరిగా టీ తాగుదామని కూర్చుంటే ఏమవుతుంది? 'ఫ్యామిలీ రూములోకి వెళ్లండి మేడం' అంటారు. నాకెన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ గదికి తెర వేలాడుతూ ఉంటుంది. బయట చూసేవాళ్ల కళ్లకి మాత్రం ఏ తెరా లేదు.

అందుకే ఆ హోటళ్లని సంస్కృతి పేరుతో తిట్టేవాళ్లతోనూ, విముక్తి అని మెచ్చుకునేవాళ్లతోనూ నేను కలవలేను. ప్యారిస్ హోటల్లో కూడా వడ్డించేవాళ్లు బట్టలతోనే ఉన్నారు. విప్పడం డబ్బు కట్టినవాళ్ల సరదా, పనివాళ్లకి అది మామూలు డ్యూటీ. స్త్రీకి కావలసింది విప్పే హక్కూ, కప్పుకునే హక్కూ రెండూనూ. వాటికన్నా ముందు, ఎవరి లెక్కలోకీ రాకుండా ఒక బల్ల దగ్గర కూర్చుని, టీ చల్లారిపోయేదాకా తీరిగ్గా పుస్తకం చదువుకునే హక్కు కావాలి. ఆ బల్ల లండన్‌లో దొరికినా, ఆత్మకూరులో దొరికినా సరే, దాని గురించి మనం రాయాలి.