కెమెరా ముందు ఎంపిక: ఆమిష్ యువత, గంగవ్వ, మన తెలుగు

పల్లె మనిషిని పట్నానికి తెచ్చి, ఆ తడబాటును వినోదంగా చూపడం కొత్త సంగతి కాదు. మన నాటకాల్లోనూ సినిమాల్లోనూ ఆ పాత్ర ఏనాటి నుంచో ఉంది. అయితే అక్కడ తడబడేది నటుడు. రియాలిటీ టెలివిజన్‌లో తడబడేది నిజమైన మనిషి. కాబట్టి వీటిని విమర్శించే కొలత కూడా వేరుగా ఉండాలని మా అభిప్రాయం. ఈ దృష్టితో రెండు కార్యక్రమాలను పరిశీలిద్దాం. ఒకటి 2004లో అమెరికాలో యు.పి.ఎన్. ప్రసారం చేసిన ‘ఆమిష్ ఇన్ ద సిటీ’, రెండవది 2020లో వచ్చిన తెలుగు ‘బిగ్ బాస్’ నాలుగవ భాగం.

ఆమిష్‌లు పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఎక్కువగా నివసించే క్రైస్తవ సముదాయం. గుర్రపు బగ్గీల్లో ప్రయాణిస్తారు, బడి చదువు ఎనిమిదో తరగతితో ముగిస్తారు. చదువు విషయంలో వారి హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1972లో అంగీకరించింది. వారు ఇంట్లో పెన్సిల్వేనియా జర్మన్, ఆరాధనలో ప్రామాణిక జర్మన్, బడిలోనూ బజారులోనూ ఇంగ్లీషు వాడతారు. బయటివారందరూ వారి మాటలో ‘ఇంగ్లీషువాళ్ళు’. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే కొడల విద్యార్థులకు ఈ ఏర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమిష్‌లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. యుక్తవయస్సు వచ్చాక, తెలిసి కోరుకోవాలి. అంతకుముందు, సుమారు పదహారో ఏట మొదలయ్యే స్వేచ్ఛాకాలం పేరు ‘రుమ్‌స్ప్రింగా’. అంటే అటూ ఇటూ తిరగడం. బాప్తిస్మం పొంది విడిచిపోతే వెలి ఉంటుంది, పొందకముందు పోతే ఉండదు. నిజానికి ఈ కాలంలో చాలామంది నగరాలకు పోరు. సొంత ప్రాంతంలోనే ఈడువాళ్ళతో కలిసి తిరుగుతారు, జోడీలు వెతుక్కుంటారు. చివరకు అత్యధికులు సముదాయంలోనే చేరతారు.

టెలివిజన్ ఈ కాలాన్నే ముడిసరుకుగా తీసుకుంది. ఐదుగురు ఆమిష్ యువతీయువకులను, ఆరుగురు నగర యువతను లాస్ ఏంజెలస్‌లో ఒకే ఇంట ఉంచింది. తమతో ఉండబోయేది ఆమిష్‌లని నగరవాసులకు ముందుగా చెప్పలేదు. వారి విస్మయం కూడా ప్రదర్శనలో భాగమే. కార్యక్రమం తెర మీదికి రాకముందే జోసెఫ్ పిట్స్ తదితర కాంగ్రెస్ సభ్యులు అభ్యంతరం తెలిపారు. తీరా చూస్తే ఆమిష్ యువతే సంస్కారవంతులుగా కనిపించారని పలువురు సమీక్షకులు మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో మాకు తృప్తి లేదు. అయినవాళ్ళ మధ్య, కొన్నేళ్ళ పాటు, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ తేల్చుకోవలసిన విషయాన్ని కొద్ది వారాల్లో కెమెరా ముందు తేల్చమన్నారు. 2012లో మొదలైన ‘బ్రేకింగ్ ఆమిష్’ మరీ ముందుకు పోయింది. అందులో ‘తొలిసారి’ బయటి లోకం చూస్తున్నట్టు చూపిన కొందరు అంతకుముందే సముదాయాన్ని విడిచినవారని తరువాత బయటపడింది.

ఇక మన ఉదాహరణ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ యువతి కాదు, పెద్దావిడ. ‘మై విలేజ్ షో’లో ఆమె తన ఊళ్ళో, తన మాటతో, లోకం మీద వ్యాఖ్యానించే మనిషి. బిగ్ బాస్ ఇంట్లో లోకమే ఆమెను చూసింది. మాట మారలేదు, యాస మారలేదు. మాటాడే చోటు మారింది. అంతకుముందు చమత్కారమైనది ఇప్పుడు ‘అమాయకత్వం’ అయింది. ఇల్లు కట్టుకోవాలన్న కోరికతో వెళ్ళారు. ఆరోగ్యం సహకరించక 2020 అక్టోబరులో బయటికి వచ్చారు. దీన్ని ఓటమి అనలేం. ఇంటిదారి ఆమెకు మూసుకుపోలేదు. సొంతింటి కోరికా తీరింది. 2024లో ఎనిమిదవ భాగంలో మళ్ళీ అడుగుపెట్టారు. ఆమెను కేవలం బాధితురాలిగా చూడడం ఆమె తెలివిని తక్కువ చేయడమే. అయితే ఆమె మాటల్లో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నిర్ణయించింది మాత్రం ఆమె కాదు. మా అభ్యంతరం అక్కడే.

ఈ చర్చ మన దాకా ఎందుకంటే, కొడల నుంచో బరంపురం నుంచో హైదరాబాదు వెళ్ళిన విద్యార్థిని హాస్టల్లో స్నేహితులు ‘ఆ మాట మళ్ళీ అను’ అని అడిగి నవ్వుతారు. వాళ్ళకు ద్వేషం ఉండకపోవచ్చు, చేతిలో కెమెరా కూడా ఉండకపోవచ్చు. అయినా జరిగే పని అదే. మాట చెప్పే విషయం పక్కకు పోయి, మాట తీరే ప్రదర్శన అవుతుంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడుగా పనిచేసిన పర్లాకిమిడి ఒకప్పుడు ఈ గంజాం జిల్లాలోనిదే. పక్కనున్న సవరల భాషను ఆయన నేర్చుకున్నది నవ్వడానికి కాదు. వారికి చదువు చెప్పడానికి.

విద్యార్థులకు మా సూచన ఒకటి. ఈ సెలవుల్లో మీ ఇంటి పెద్దవారి మాటలు, వారి అనుమతితో, పది వాక్యాలు రాసుకోండి. రాసినది వారికే చదివి వినిపించండి. వద్దన్న వాక్యాన్ని కొట్టివేయండి. ఆ కొట్టివేతలతో సహా మీ కాగితాలను తరగతికి తీసుకురండి.