ముసలిదయింది ఫోనా? బ్యాటరీయా?

మీ ఇంట్లో నాలుగైదేళ్ళ నాటి స్మార్ట్‌ఫోను ఒకటి ఉండే ఉంటుంది. కొన్న కొత్తలో ఉదయం ఛార్జి చేస్తే రాత్రి దాకా నడిచిన ఆ ఫోను ఇప్పుడు మధ్యాహ్నానికే నీరసిస్తుంది. తెర మీద ఇంకా 30 శాతం ఉందని చూపిస్తూనే, కెమెరా తెరవగానే ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఛార్జరు తగిలించగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ మేలుకుంటుంది. ఇది చూసి కొట్టువాడూ, ఇంట్లోవాళ్ళూ ఒకటే మాట అంటారు: "పాతదైపోయింది, మార్చెయ్యి."

ఈ మాటలో నిజమెంత? పాతబడింది ఫోను మొత్తమా, లేక అందులోని ఒక్క భాగమా? ఆ సంగతి మనకు చెప్పవలసినవాళ్ళు సరిగ్గా చెబుతున్నారా? ఈ ప్రశ్నలు వేసుకుంటే, బ్యాటరీ రసాయన శాస్త్రంతో పాటు దాన్ని తయారుచేసేవారి నడవడిని కూడా పరీక్షించవలసి వస్తుంది.

జవమూ, సత్త్వమూ

ఇంగ్లీషులో "బ్యాటరీ హెల్త్" అంటారు. దాన్ని తెలుగులో "బ్యాటరీ ఆరోగ్యం" అని రాయడం మాబోటి అనువాదకులకు అలవాటయింది. నా దృష్టిలో ఈ మాట సరైనది కాదు. చెడిన ఆరోగ్యం మందుతో బాగుపడవచ్చు. తరిగిన బ్యాటరీ సామర్థ్యం మటుకు వాడుకలో తిరిగి రాదు. ఇక్కడ జరిగేది రోగం కాదు, వార్ధక్యం.

వార్ధక్యం గురించి తెలుగులో మంచి మాట ఒకటి ఉంది: "జవసత్త్వాలు ఉడిగిపోయాయి." జవం అంటే వేగం, సత్త్వం అంటే పస. బ్యాటరీకి ఈ రెండూ వేరువేరుగా ఉంటాయి. ఎంత ఆవేశాన్ని నిలవ చేసుకోగలదన్నది దాని సత్త్వం. దాన్ని మిల్లీ ఆంపియర్ గంటల్లో కొలుస్తారు. అవసరమైన క్షణంలో ఎంత విద్యుత్తును ఒక్కసారిగా ఇవ్వగలదన్నది దాని జవం. ఇది బ్యాటరీ అంతర్నిరోధం మీద ఆధారపడుతుంది. సత్త్వం తగ్గితే ఫోను తొందరగా ఖాళీ అవుతుంది. జవం తగ్గితే ఛార్జి ఉండగానే ఆరిపోతుంది.

ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రంతోనే రెండో సంగతి తేల్చవచ్చు. బ్యాటరీ విద్యుచ్చాలక బలం నుంచి, ప్రవాహాన్ని అంతర్నిరోధంతో గుణించిన విలువను తీసివేస్తే బయటికి అందే ఓల్టేజి వస్తుంది. లెక్క కోసం విద్యుచ్చాలక బలం 3.7 ఓల్టులు, కెమెరా తెరిచినప్పుడు ప్రవాహం 2 ఆంపియర్లు అనుకుందాం. కొత్త బ్యాటరీ అంతర్నిరోధం 0.1 ఓమ్ అయితే నష్టం 0.2 ఓల్టులు, 3.5 ఓల్టులు అందుతాయి. ముసలి బ్యాటరీ అంతర్నిరోధం 0.3 ఓమ్‌లు అయితే నష్టం 0.6 ఓల్టులు, అందేది 3.1 ఓల్టులే. ఫోను నడవడానికి కనీసం 3.2 ఓల్టులు కావాలనుకుంటే, అది ఆరిపోక తప్పదు. బ్యాటరీలో ఆవేశం ఇంకా ఉంది, దాన్ని తగినంత వేగంగా ఇచ్చే శక్తి లేదు. అంతే!

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కండి. ఫోను పని వేగాన్ని కొంచెం తగ్గించి, 1.5 ఆంపియర్లకు మించి లాగకుండా కట్టడి చేశామనుకుందాం. నష్టం 0.45 ఓల్టులు, అందేది 3.25. ఫోను ఆరిపోదు. నిదానంగానైనా నడుస్తుంది. ఈ చిన్న లెక్కను గుర్తుంచుకోండి. ముందు ముందు కోట్ల డాలర్ల తగాదా దీని చుట్టూనే తిరుగుతుంది.

లోపల జరిగేదేమిటి?

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బ్యాటరీని ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ధన ధ్రువం నుంచి బయలుదేరి, గ్రాఫైట్‌తో చేసిన ఋణ ధ్రువం పొరల మధ్య చేరతాయి. వాడుతున్నప్పుడు తిరుగు ప్రయాణం చేస్తాయి.

ఈ రాకపోకలు ఎల్లకాలం నష్టం లేకుండా సాగవు. గ్రాఫైట్ ఉపరితలం మీద విద్యుద్విశ్లేష్యం విఘటనం చెంది పలుచని పొర ఏర్పడుతుంది. ఈ పొర అవసరమే. అది లేకపోతే విఘటనం ఆగకుండా సాగిపోతుంది. అయితే రోజులు గడిచేకొద్దీ పొర మందమవుతుంది. అది కొంత లిథియాన్ని తనలో బంధించేస్తుంది కాబట్టి సత్త్వం తగ్గుతుంది. అయాన్ల దారికి అడ్డం వస్తుంది కాబట్టి అంతర్నిరోధం పెరిగి జవం తగ్గుతుంది. దీనికి తోడు లిథియం చేరినప్పుడల్లా గ్రాఫైట్ సుమారు పది శాతం ఉబ్బి, పోయినప్పుడల్లా కుంచించుకుపోతుంది. పొర అక్కడక్కడ చిట్లుతుంది, కొత్త పొర పుడుతుంది, మరికొంత లిథియం ఖర్చవుతుంది. వేడి ఈ చర్యలన్నిటినీ తొందరపెడుతుంది.

కాబట్టి బ్యాటరీ ముసలిదవడం ఎవరి కుట్రా కాదు. ఆ విషయంలో తయారీదారులను తిట్టడం అన్యాయం. మన విమర్శ మొదలయ్యేది ఈ సంగతి తెలిసిన తర్వాత వాళ్ళు చేసిన పని దగ్గర.

లెక్క ఒప్పు, మౌనం తప్పు

2016లో కొన్ని ఐఫోన్లు ఛార్జి ఉండగానే ఆరిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2017 జనవరిలో ఆపిల్ సంస్థ ఒక సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. ముసలి బ్యాటరీ ఉన్న ఫోన్లలో అది ప్రాసెసరు వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది. మనం పైన వేసిన లెక్కే! ఇంజనీర్ల దృష్టితో చూస్తే ఇది తెలివైన పని. ఆరిపోయే ఫోను కంటే నిదానంగా నడిచే ఫోను నయం.

కానీ ఫోను కొన్నవాడికి ఈ సంగతి తేటగా చెప్పలేదు. తన ఫోను ఎందుకు మందగించిందో అతనికి తెలియదు. ఫోనే పాతబడిందనుకున్నాడు. కొత్తది కొనుక్కున్నవాళ్ళు ఎందరో! 2017 డిసెంబరులో గీక్‌బెంచ్ అనే వేగ పరీక్షను రూపొందించిన జాన్ పూల్, ఒకే రకం ఫోన్ల ఫలితాలు కొత్త సాఫ్ట్‌వేర్ తర్వాత ఎలా విడిపోయాయో చూపించాడు. అప్పుడు గాని సంస్థ ఒప్పుకోలేదు.

అదే నెల 28న ఆపిల్ తన వినియోగదారులకు బహిరంగ లేఖ రాసింది. సైన్సు విద్యార్థులు చదవదగ్గ లేఖ అది. బ్యాటరీలు రసాయనికంగా ముసలివవుతాయనీ, వేడి వాటిని త్వరగా పాడుచేస్తుందనీ తేలిక మాటల్లో వివరించింది. క్షమాపణ కోరింది. అమెరికాలో బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. వస్తువుల ఆయుష్షును తాము కావాలని తగ్గించలేదని కూడా చెప్పింది.

లేఖలోని సైన్సుతో నాకు పేచీ లేదు. పేచీ దాని తేదీతో. ఇదే వివరణ 2017 జనవరిలో సవరణతో పాటు వచ్చి ఉంటే, దాన్ని సాంకేతిక విజయంగా మెచ్చుకునేవాళ్ళం. పదకొండు నెలల తర్వాత, బయటివాడు పట్టుకున్నాక వచ్చింది కాబట్టి అది సంజాయిషీ అయింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ప్రభుత్వ వినియోగదారుల విభాగం వేసిన రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా వినియోగదారులకు తెలియజేయనందుకే. అదే ఏడాది అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాలతో 11.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

అప్పటి పాఠం కొంత ఫలించింది. 2018 మార్చిలో వచ్చిన సవరణతో ఐఫోన్లలో బ్యాటరీ స్థితిని చూసుకునే వీలూ, వేగ నియంత్రణను వద్దనుకునే వీలూ కలిగాయి. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏ ఫోన్లకు ఒక సవరణ పంపింది. కొన్ని ఫోన్లలో దీనివల్ల బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుందని తానే ప్రకటించింది, పరిహారం కూడా చూపింది. చెప్పి చేయడం ఒక మెట్టు పైకి ఎక్కినట్టే.

ఆదర్శ పరిస్థితులు ఎక్కడివి?

ఇక సంస్థలు ఇచ్చే అంకెలు చూద్దాం. ఐఫోన్ 14, అంతకు ముందటి నమూనాల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జి చక్రాల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారయ్యాయని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఈ అంకె 1,000. చక్రం అంటే మొత్తం 100 శాతం వాడకం. ఇవాళ 60, రేపు 40 వాడితే ఒక చక్రం. రోజుకు ఒక చక్రం చొప్పున వాడేవారికి 500 చక్రాలంటే ఏడాది నాలుగున్నర నెలలు, 1,000 అంటే రెండేళ్ళ తొమ్మిది నెలలు.

అయితే ఆ వాక్యంలో చిన్న షరతు ఉంది: "ఆదర్శ పరిస్థితుల్లో". పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే బ్యాటరీకి శాశ్వత నష్టం కలగవచ్చని అదే సంస్థ హెచ్చరిస్తుంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో ఉండేవారికి ఈ షరతు అర్థమేమిటి? అక్కడ నీడలోనే 40 దాటుతుంది. ఎండలో నిలిపిన కారులోనో, స్కూటరు డిక్కీలోనో పెట్టిన ఫోను సంగతి చెప్పనక్కర లేదు. చల్లని గది లెక్కను వేడి దేశంలో అమ్మేటప్పుడు, వేడి దేశపు లెక్క కూడా పెట్టె మీద వేయాలని అడగడం మన హక్కు.

శాతం అంకెలోనూ ఒక లోటు ఉంది. ఫోను చూపే "గరిష్ఠ సామర్థ్యం 84 శాతం" అన్నది సత్త్వాన్ని మాత్రమే అంచనా వేస్తుంది. జవం సంగతి అది చెప్పదు. అంకె బాగానే ఉన్నా ఫోను ఆరిపోతున్నదంటే అంతర్నిరోధాన్ని అనుమానించాలి.

ఐరోపా దారి, అందులో సందు

2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్త నిబంధనలు అమలయ్యాయి. స్మార్ట్‌ఫోను బ్యాటరీ 800 చక్రాల తర్వాత కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఎన్ని చక్రాలు మన్నుతుందో, ఫోను మరమ్మతుకు ఎంత అనువైనదో పెట్టె మీది చీటీలో చూపాలి. మామూలు మనిషి కూడా బ్యాటరీ మార్చుకోగలిగేలా ఫోను ఉండాలి.

ఈ చివరి నియమానికి ఒక సందు వదిలారు. 500 చక్రాల తర్వాత 83 శాతం, 1,000 తర్వాత 80 శాతం నిలిచే బ్యాటరీ పెట్టి, మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా చేస్తే, మార్పిడి పని వృత్తి నిపుణులకే వదిలేయవచ్చు. అంటే ఖరీదైన ఫోన్లు మూతలు బిగించుకునే ఉండవచ్చు. మన్నిక పెరగడం మంచిదే. కానీ వెయ్యి చక్రాలు దాటాక ఆ ఫోనుకూ బ్యాటరీ మార్చాలి కదా! ఆనాడు యజమాని మళ్ళీ కంపెనీ వాకిట్లోనే నిలబడాలి.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు విడిభాగాలూ, మరమ్మతు వివరాలూ అందులో ఉంచాలన్నది ఉద్దేశం. మంచి ఆరంభం. ఐరోపా వారిలా చక్రాల లెక్క పెట్టె మీద ముద్రించాలన్న నియమం కూడా తోడయితే, కొనేముందే మనం పోల్చి చూసుకోగలం.

మరి మీరేం చేయాలి?

మొదట, కాలం చెల్లిన సలహాలను వదలండి. "పూర్తిగా ఖాళీ అయ్యాకే ఛార్జి పెట్టు" అన్నది నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియం బ్యాటరీకి అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. నిండా నింపి అలాగే ఉంచడం కూడా మంచిది కాదు. 80 శాతం దగ్గర ఆపే సదుపాయం మీ ఫోనులో ఉంటే వాడుకోండి. దిండు కింద పెట్టి ఛార్జి చేయకండి.

రెండోది, ఒక చిన్న ప్రయోగం. వారం రోజుల పాటు ప్రతి రెండు గంటలకూ బ్యాటరీ శాతాన్ని నోటు పుస్తకంలో రాసి, గ్రాఫు గీయండి. గీత నిలకడగా, కాని త్వరగా దిగితే సత్త్వం తగ్గి ఉండవచ్చు, లేదా ఏదో ఒక అప్లికేషను దొంగచాటుగా వాడుతూ ఉండవచ్చు, సెట్టింగుల్లో వెతకండి. గీత సగంలో ఉండగానే ఫోను ఆరిపోతే జవం తగ్గింది. అప్పుడు మార్చవలసింది ముందుగా బ్యాటరీని.

మూడోది, ఫోను వీపు ఉబ్బితే వెంటనే వాడకం ఆపండి. దాన్ని గుచ్చకండి, నొక్కకండి, మీరే విప్పకండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో పడేయకుండా సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి.

ఫోనులో తెర, ప్రాసెసరు, కెమెరా ఇంకా ఏళ్ళ తరబడి పనిచేయగల స్థితిలో ఉంటాయి. ఒక్క బ్యాటరీ కోసం వాటన్నిటినీ పారేయడమంటే, టైరు అరిగిందని సైకిలు అమ్మేసినట్టే. "పాతదైపోయింది, మార్చెయ్యి" అని ఎవరైనా అంటే, మీరు నెమ్మదిగా ఒక ప్రశ్న వేయండి: "ఏది?"