ఎవరి గల్తీకి మాఫీ?

సినిమా మారదు. బొమ్మలు అవే, మాటలు అవే, గల్తీలూ అవే. అయినా పదిహేనేళ్లు గడిచేసరికి తిట్టిన నోళ్లే మెచ్చుకుంటాయి. కాలం గడిచింది కదా అంటారు. ఈ జవాబు మాకు చాలదు.

శామ్ రైమీ తీసిన 'స్పైడర్‌మ్యాన్ 3' సంగతే చూద్దాం. 2007 మే నెలలో వచ్చింది. మన తెలుగులోకీ డబ్ అయింది. ప్రపంచమంతటా 89 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. కాని చూసి బయటికొచ్చినవాళ్లలో చాలామంది పెదవి విరిచారు. ఒకే కథలో ముగ్గురు విలన్లు. అందులో వెనమ్ మీద దర్శకుడికే మనసు లేదు, నిర్మాత పట్టుబడితే ఇరికించాడు. హ్యారీ ఇంటి నౌకరు ఏళ్లుగా దాచిన నిజాన్ని ఆఖర్లో తీరిగ్గా బయటపెడతాడు. నల్ల డ్రెస్సు తగిలించుకున్న పీటర్ పార్కరేమో జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని న్యూయార్క్ వీధిలో డాన్సు చేస్తాడు. ఆ డాన్సును ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. 2010లో నాలుగో భాగం ఆగిపోయింది.

ఇప్పుడు ఆ డాన్సే ముద్దుగా ఉందంటున్నారు. సిగ్గరి కుర్రాడు మొనగాడినని ఊహించుకుంటే అట్లాగే ఉంటుంది, నవ్వించడానికే పెట్టారు అంటున్నారు. సగం నిజమే. మిగతా సగం, 2007లో పదేళ్ల పిల్లలుగా చూసినవాళ్లు ఇప్పుడు తీర్పు చెప్పే వయసుకు రావడం. ఆ తర్వాత వచ్చిన సూపర్‌హీరో సినిమాలు ఒకే అచ్చులో పోసినట్టు నున్నగా తయారయ్యాయి. వాటి పక్కన పెడితే ఈ ముడతల సినిమాలో ఒక మనిషి చెయ్యి కనిపిస్తుంది. 2021లో 'నో వే హోమ్'లో టోబీ మెగ్వైర్ మళ్లీ తెర మీదికొస్తే హాళ్లలో ఈలలు మోగాయి.

శాండ్‌మ్యాన్ పుట్టే సన్నివేశం మాత్రం అప్పుడూ గొప్పదే. మాట లేదు. ఇసుక రేణువులు కుప్పపడి, మనిషై, కూలి, మళ్లీ లేచి బిడ్డ బొమ్మ ఉన్న లాకెట్టు కోసం చెయ్యి చాస్తాయి. చివర్లో తన పెదనాన్నను చంపిన ఆ మనిషినే పీటర్ మాఫ్ చేస్తాడు. మాఫీ గురించి తీసిన సినిమాకే జనం మాఫీ ఇచ్చారన్నమాట! వెనమ్ విషయంలో మాత్రం మేం ఇవ్వం. అది అప్పుడూ అతుకే, ఇప్పుడూ అతుకే.

సరే. ఈ రెండో నజర్ అందరికీ దక్కిందా?

2004లో 'క్యాట్‌వుమన్' వచ్చింది. అందులో హాలీ బెర్రీ నటించింది. 2002లో ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. పది కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ఎనిమిది కోట్ల చిల్లర వచ్చింది. దర్శకుడు వేరు, రాసినవాళ్లు వేరు, డబ్బు పెట్టినవాళ్లు వేరు. నింద మాత్రం ఆమెది. చెత్త నటనకిచ్చే 'రాజీ' బహుమతిని 2005లో ఆస్కార్ బొమ్మ చేత పట్టుకునివచ్చి మరీ తీసుకుంది. ఆ భారమంతా తన మీదే వేశారని ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో కూడా చెప్పుకుంది.

స్పైడర్‌మ్యాన్ తడబడితే ఏం చేశారు? 2012లో ఇంకో కుర్రాడిని పెట్టి మళ్లీ మొదలెట్టారు. మగ హీరోలు పనికిరారని ఎవరూ అనలేదు. అదే 2014లో మార్వెల్ పెద్ద ఐక్ పెర్ల్‌మటర్ సోనీ పెద్దకు రాసిన ఈమెయిల్ చూడండి. స్త్రీలు హీరోలైన సినిమాలు దెబ్బతిన్నాయని చెప్పడానికి 'ఎలెక్ట్రా', 'క్యాట్‌వుమన్', 'సూపర్‌గర్ల్' మూడింటినీ వరసబెట్టాడు. ఆఖరిది 1984 నాటిది! ముప్పై ఏళ్లనాటి లెక్క కూడా తెగలేదు. ఒకడి గల్తీకి మొహల్లా అంతా జవాబు చెప్పుకోవలసిన మనకి ఈ లెక్క కొత్తేం కాదు.

'క్యాట్‌వుమన్' మంచి సినిమా అని మేం అనడం లేదు. కత్తిరింపులకి కళ్లు తిరుగుతాయి, బాస్కెట్‌బాల్ ఆట సన్నివేశం భరించలేం. కాని మొహాన్ని అందంగా చేస్తానని నమ్మించి పాడుచేసే క్రీము, దాన్ని అమ్ముకునే కంపెనీ, ఆ గుట్టు విన్నందుకు చచ్చిన ఉద్యోగిని. ఇందులో కథ ఉంది. శాండ్‌మ్యాన్ కోసం వెనమ్‌ను ఓర్చుకున్నవాళ్లు ఆ క్రీము కోసం ఈ బాస్కెట్‌బాల్‌ను ఓర్చుకోలేరా?