‘బలగం’: ఆలస్యంగా అందిన దుఃఖం

వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023లో విడుదలైన ‘బలగం’ చిత్రానికి కొమురయ్య మరణం కేంద్రం. అప్పుల్లో కూరుకున్న మనవడు సాయిలుకు ఆ చావు మొదట చేజారిన కట్నంగానే తోస్తుంది. నల్లిబొక్క దగ్గర పుట్టిన బావ, బామ్మర్దుల పాత పగ కర్మల నడుమనే మళ్లీ రాజుకుంటుంది. చావు జరిగిన ఇంట్లో లెక్కలే దుఃఖం కన్నా ముందు నడుస్తాయి.

పిండం ముట్టని పిట్టను విశ్వాసంగా మాత్రమే గ్రహిస్తే చిత్రం ఆచారాన్ని సమర్థించినట్లు కనిపిస్తుంది. కథనంలో దాని పని వేరు. పిట్టముట్టుడు విఫలమైన ప్రతిసారీ బతికున్నవారి మధ్య దూరమే బయటపడుతుంది. పదకొండోనాడు కొమురమ్మ, మొగిలయ్య దంపతుల బుడగజంగాల గానం పోయినవాని బతుకును అయినవారికి తిరిగి చెబుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఏడవడం అప్పుడే సాధ్యమవుతుంది. ఇక్కడ దుఃఖం వ్యక్తిగతమైన ఉద్వేగం కాదు. జానపద కళ సమూహానికి నేర్పే బాధ్యత.

పోయినవారి కోరిక ఉన్నవారి కలయికే అని చిత్రం తేల్చుతుంది. సాయిలు బతుకుకు ఆధారం కట్నం నుంచి బంధుత్వానికి మారుతుంది. అయితే అతన్ని తొలుత నడిపించిన అప్పు కన్నీటితో తీరేది కాదు. ముగింపులోని ఆర్ద్రత ఆ ప్రశ్నను వెనక్కి నెడుతుంది. దుఃఖాన్ని పంచుకున్న బలగం అప్పునూ పంచుకుంటుందా అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.